తోరణం కాడనే ఉన్న

మా బామ్మర్ది సిడ్నీలో ఉంటాడు. అక్కడ బోండై నుంచి తమరామా దాకా సముద్రం ఒడ్డున ఉన్న నడకదారిలో శిల్పాలు పెట్టి జనానికి చూపిస్తారు. 1997లో మొదలైన ప్రదర్శన అది. తెల్లారకముందే వెళ్తే రద్దీ ఉండదట, బొమ్మల వెనక సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడట. ఆ వైభవాన్ని వాళ్లక్కకు వీడియో కాల్‌లో చూపించాడు. అక్కడ పొద్దు పొడిచే వేళకు హనుమకొండలో అర్ధరాత్రి పన్నెండు దాటి ఇరవై నిమిషాలు. నిద్రకళ్లతో చూస్తే నాకు కనబడింది వాడి చెవి మాత్రమే.

మా ఆవిడకు పౌరుషం పొడుచుకొచ్చింది. "వాళ్లు తెచ్చి పెట్టుకుంటున్నరు. మనకు ఏడొందల ఏండ్ల సంది బయటనే ఉన్నయి" అంది. మాట నిజమే. ఖిలా వరంగల్ నడిమధ్యన ఉన్న స్వయంభూ శివాలయం కూలిపోయింది కానీ, దాని నాలుగు దిక్కులా కాకతీయులు నిలబెట్టిన నాలుగు కీర్తి తోరణాలు అలాగే ఉన్నాయి. వాటి మీద దేవుడి బొమ్మలు లేవు కాబట్టే దండెత్తినవాళ్లు వదిలేశారంటారు. చుట్టూ గడ్డిలో నందులు, విరిగిన స్తంభాలు.

ఆదివారం చీకట్లోనే నేను, మా ఆవిడ, మావాడు, టీ ఫ్లాస్కుతో అత్తమ్మ బయల్దేరాం. తీరా వెళ్తే గేటుకు తాళం. సూర్యుడికి టికెట్ కౌంటర్‌తో పని లేదు కదా, మబ్బులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. కంచె బయట నుంచే చూద్దామని మంచి కోణం వెతుక్కుంటూ తలో దిక్కూ పోయారు. కారు సరిగ్గా పెట్టి వచ్చేసరికి ఎవరూ లేరు.

"యాడున్నవ్?"

"తోరణం కాడనే ఉన్న. నువ్వు యాడున్నవ్?"

"నేను గూడ తోరణం కాడనే ఉన్న!"

మావాడికి చేశాను. వాడూ తోరణం దగ్గరే. అత్తమ్మా అంతే, పైగా "కండ్లు కనిపిస్తలేవా అల్లుడూ" అని అడిగింది. గుర్తు చెప్పమంటే మా ఆవిడ "పైన హంస ఉంది" అంది. నా నెత్తిన కూడా హంస ఉంది. "కింద మొగ్గలు వేలాడుతున్నయి" అన్నాడు మావాడు. నా దగ్గరా వేలాడుతున్నాయి, రాతి తామరమొగ్గలు, వరసగా. కాకతీయుల శిల్పులు ఎంత నిష్ఠగా పనిచేశారంటే, నాలుగింటికీ తేడా చెప్పడం మా వల్ల కాలేదు.

ఈలోగా మావాడు తెలివిగా గ్రూప్ కాల్ పెట్టి సిడ్నీ మామను కూడా కలిపాడు. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఏదో తింటున్నాడు. వాడి ఫోన్‌లో నాలుగు గళ్లు, నాలుగింట్లో నలుగురం, నలుగురి వెనకా అదే తోరణం.

"అందరూ ఒక్కకాడనే ఉండి ఫోన్లల్ల మాట్లాడుకునుడేంది బావా?"

పడమటి తోరణంలోంచి చూస్తే పొద్దు సరిగ్గా ఎదురుగా లేస్తోంది. అక్కడున్నది మా ఆవిడే. కానీ ఫోన్ చూసుకుంటూ దానికి వీపు పెట్టి నిలబడింది. "అక్కా, నీ మొఖం నల్లగ వస్తుంది" అన్నాడు తమ్ముడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెంటనే గిర్రున ఇటు తిరిగింది. మొహం వెలిగిపోయింది, సూర్యుడు ఫ్రేములోంచి పోయాడు. వెనక ఇప్పుడు మా కారు.

ఆ తర్వాత ఒకరినొకరు వెతుక్కుంటూ కంచె చుట్టూ తిరిగాం. ముగ్గురం ఒకే వైపు, ఒకే వేగంతో నడవడం వల్ల ఎవరికీ ఎవరూ దొరకలేదు. అత్తమ్మ కదలలేదు. ఆమె దగ్గరికి చేరేసరికి, బర్రెలు తోలుకుపోతున్న ఒకామెతో రాయి మీద కూర్చుని కోడళ్ల గురించి మాట్లాడుతోంది. ఫ్లాస్కు ఖాళీ.

బామ్మర్ది ఆ నాలుగు గళ్లనూ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కరీంనగర్ చిన్నత్తమ్మ వెంటనే మెసేజ్ పెట్టింది: "ఫోటో స్టూడియోల దిగిన్రా? వెనక పరదా మంచిగుంది."