జెండాల స్వాగతం

నిర్మాణం మొదలయ్యే ముందు నేలను పరిశీలించి, పూర్వులు వదిలి వెళ్ళిన ఆనవాళ్ళు దాని కింద ఏవైనా ఉన్నాయేమో తేల్చి చెప్పే పురావస్తు సలహాదారుల వృత్తిలో ఒక చిక్కు ఉంది. ఫీజు ఇచ్చి పిలిచేవారే, ఏమీ దొరకకూడదని దేవుడికి మొక్కుకుంటూ ఉంటారు. మా సైటు మేనేజరు గారు ఈ విషయంలో నిష్కపటి. మొదటి రోజే, "మీరు ఎంత బాగా వెతికినా నాకు అభ్యంతరం లేదు సార్, దొరక్కుండా మాత్రం చూసుకోండి" అన్నారు. ప్రభుత్వ నిధులో అనుమతులో ఉన్న పనుల వల్ల చారిత్రక స్థలాలకు ఏం నష్టం కలుగుతుందో ముందే చూడాలని అమెరికాలో 1966 నుంచీ చట్టం ఉందని, ఇలాంటి పరిశీలన ఖర్చును అభివృద్ధి పథకాలే భరించాలన్న సూత్రాన్ని ఐరోపా దేశాలు 1992లో వాలెట్టా ఒప్పందంలో రాసుకున్నాయని ఆయనకు వివరించాను. అంతా శ్రద్ధగా విని, "అయితే ఈ బాధ అందరికీ ఉన్నదేనన్న మాట" అని కాస్త ఊరట చెందారు.

ఈ పనిలో తొలి అంకం నడక. సమాన దూరంలో వరుసగా నిలబడి, నేలకేసి చూస్తూ మెల్లగా సాగిపోవాలి. ఆ దారిన పోయేవారు ఆగి "ఏం పోగొట్టుకున్నారు?" అని అడగక మానరు. కుండ పెంకు కనబడిన ప్రతిచోటా సన్నని తీగకు కట్టిన ఎర్రజెండా ఒకటి గుచ్చుతాం. పెంకును అక్కడే ఉంచి, ఆ తర్వాత జీపీఎస్ పరికరంతో స్థానం నమోదు చేసుకుని, అప్పుడే చీటీ రాసిన సంచిలో వేస్తాం. పెంకు విలువంతా అది ఎక్కడ పడి ఉందన్న దానిలోనే ఉంటుంది; జెండాలు గుంపుగా చేరిన చోట నేల కింద ఇళ్ళో, కుమ్మరి ఆవమో ఉండవచ్చునని అనుమానించి అక్కడ కందకం తీస్తాం. కందకం తీసే పొక్లెయిన్‌కు పళ్ళు లేని బకెట్ తగిలించమని అడిగినప్పుడు, దాని ఆపరేటరు ముఖంలో కనిపించిన అవమానం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. పళ్ళ బకెట్ నేలను గీరి గజిబిజి చేస్తుందనీ, నున్నగా చెక్కితేనే మట్టి రంగులో తేడా తెలుస్తుందనీ నచ్చజెప్పేసరికి మధ్యాహ్నమైంది.

ఆ తేడా కనిపించనే కనిపించింది. పసుపు పచ్చటి మట్టిలో గుండ్రని నల్లటి మచ్చ ఒకటి తేలింది. మేనేజరు గారు గబగబా వచ్చి, ఏం దొరికిందని అడిగారు.

"ఇక్కడ ఒకప్పుడు స్తంభం ఉండేదండీ."

"స్తంభం ఏదీ?"

"కుళ్ళి మట్టిలో కలిసిపోయింది."

"పోనీ, గుంట ఏదీ?"

"అదీ పూడిపోయింది."

"అంటే, లేని స్తంభం తాలూకు పూడిపోయిన గుంట కోసం నా పని ఆపారా?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు.

అసలు ఉపద్రవం మర్నాడు ముంచుకొచ్చింది. కంపెనీ పెద్దలు సైటు చూడటానికి వస్తున్నారని రాత్రికి రాత్రే కబురు రావడంతో, ఉత్సాహవంతుడైన సూపర్‌వైజరు గారు పనివాళ్ళను కూడగట్టి స్థలాన్ని ముస్తాబు చేయించారు. పొద్దున మేము వెళ్ళేసరికి మా ఎర్రజెండాలన్నీ గేటు నుంచి ఆఫీసు షెడ్డు దాకా, దారికి ఇరువైపులా, టేపు పెట్టి కొలిచినంత సమాన దూరంలో రెపరెపలాడుతున్నాయి. వాటిలో సగానికి ఇంకా స్థానం నమోదు కాలేదు. షెడ్డు ముందు బల్ల మీద పెంకులన్నీ శుభ్రంగా కడిగి, పెద్దవి వెనక, చిన్నవి ముందు, బొమ్మల కొలువులా అమర్చి ఉన్నాయి.

"లోపల నల్లగా మాడు పట్టి అసహ్యంగా ఉన్నాయి సార్, నేనే దగ్గరుండి తోమించాను" అన్నారు సూపర్‌వైజరు గారు ఆప్యాయంగా. ఆ మాడే మాకు కావలసింది. ఏనాడో ఒక ఇల్లాలి వంట అడుగంటి మిగిలిన ఆ మసిలో కార్బన్ ఉంటుంది, దానితో కాలం లెక్క కట్టవచ్చు. అందులో కాలంతో పాటు తరిగిపోయే కార్బన్-14 అనే రకం సగానికి తగ్గడానికి సుమారు 5730 ఏళ్ళు పడుతుంది. సూపర్‌వైజరు గారి ఇనుప పీచుకు పావుగంట కూడా పట్టలేదు. 1954 నుంచి 1960 దాకా, సాగర్ నీళ్ళు ముంచేలోగా నాగార్జునకొండ లోయను తవ్వినవారి మీద నాకు ఆ క్షణంలో అసూయ కలిగింది. వారి వెంటబడినది నీరు; నీటికి సాయపడాలన్న తపన ఉండదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. జెండాలు పీకినా వాటి తీగలు దిగిన సన్నని రంధ్రాలు నేలలో ఉంటాయి కనుక, మేమందరం మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దాలతో వాటిని వెతకడం మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడే పెద్దలు దిగారు. వారిలో ఒకాయన మా వైపు చూసి, వాళ్ళు ఏం వెతుకుతున్నారని అడిగారు. మేనేజరు గారు ఒక్క క్షణం తటపటాయించి, "గుంటలండీ, లేని జెండాల తాలూకువి" అన్నారు. పెద్దాయన తల పంకించి, స్వాగత ఏర్పాట్లు బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

చాలా రంధ్రాలు దొరికాయి. చీమల పుట్టలు కొన్ని వాటిలో కలిసి ఉండవచ్చునని నివేదికలో నిజాయితీగా రాశాను. సర్వే జరుగుతున్న చోట ఎవరూ అడుగు పెట్టరాదని, ఏ వస్తువునూ తాకరాదని ఒక ఉత్తర్వు రాసి, మేనేజరు గారి సంతకం పక్కన నాదీ పెట్టి గేటుకు అంటించాం. మర్నాడు తెల్లవారుతూనే కాపలాదారు నన్ను గేటు దగ్గర ఆపేశాడు.

"ఎవరినీ వదలొద్దని ఆర్డరు సార్."

"ఆ ఆర్డరు రాసింది నేనేనయ్యా."

"అందుకే సార్, మీ మాట నేను జవదాటను" అన్నాడు భక్తిగా, గొలుసు ఇంకాస్త బిగిస్తూ. మేనేజరు గారు పదింటికి గానీ రారు.