రాజహంసకు పట్టిన గతి

శ్రావణ మాసం వచ్చిందంటే నెల్లూరు చిన్నబజారులో పట్టుచీర కొన్నవాళ్లంతా బ్లౌజు ముక్క పట్టుకుని మగ్గం వర్క్ కోసం నేరుగా మా ఇంటికే వస్తున్నారేమో అనిపిస్తుంది. ఈఎంఐలున్నాయి కాబట్టి వద్దనలేను. అందరికీ నెమలే కావాలి. ఒకే నెమలి ఫొటో ఊళ్లో ఫోన్లన్నీ తిరుగుతోంది. "అచ్చం ఇదే కావాలక్కా, కానీ ఇంకెవరికీ ఉండకూడదు" అంటారు.

అందుకే ఒక పెళ్లికూతురు "మీకు నచ్చింది వేయండి" అనేసరికి ప్రాణం లేచొచ్చింది. వీపు మీద పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంస, అదే ఫ్లెమింగో, వేద్దామనుకున్నాను. (2022లో ఆ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట మా నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది కదా అనకండి, ఆ సంగతి పక్షులకు ఎవరూ చెప్పలేదు.) బటర్ పేపరు మీద బొమ్మ గీసి, బెజ్జాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దాను. గుడ్డ మీద పక్షి చుక్కలు చుక్కలుగా తేలింది. మిగతా ఆర్డర్లన్నీ పక్కకు నెట్టేశాను.

తోక ఈకలు కుడుతుండగా ఆ అమ్మాయికి కాబోయే అత్తగారు ఊడిపడ్డారు. ఫోనూ లేదు, కబురూ లేదు. మర్యాదకు లేచాను. నాతో పాటు గుడ్డ బిగించిన మగ్గమూ లేచింది.

ఈ పనిలో ఒక చెయ్యి గుడ్డ కింద దారం పట్టుకుని ఉంటుంది. పైనుంచి దిగిన ఆరీ సూది తన కొక్కెంతో ఆ దారాన్ని పైకి లాక్కుంటుంది. కింద జరిగేది కంటికి కనబడదు, వేళ్లకే తెలియాలి. నా చున్నీ గుడ్డకీ వేళ్లకీ మధ్య ఎప్పుడు దూరిందో గానీ, రాజహంస తోకతో కలిసి చక్కగా కుట్టుపడిపోయింది. మెడ పట్టి లాగినట్టయి సగం వంగి ఆగిపోయాను. మగ్గం ఒరిగి చమ్కీలు, ముత్యాలు, కట్‌దానా పూసలు అన్నీ జలజలా ఫ్రిజ్ కిందకు పోయాయి. ఆమె మాత్రం నేను కాళ్లకు దణ్ణం పెడుతున్నాననుకున్నారు. "కాళ్లకెందుకులేమ్మా" అంటూనే కాళ్లు కాస్త ముందుకు పెట్టి, నెత్తిన చెయ్యి వేసి, పిల్లాపాపలతో చల్లగా ఉండమని తీరిగ్గా దీవించారు. నా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అయినా ఆ భంగిమలో ఉండి ఏం చెప్పను? దీవెన పూర్తయ్యేదాకా వంగే ఉన్నాను.

అప్పుడు చూశారు. "ఇదేందిమే, దారం పట్టుకుందా? ఉండు."

"పెద్దమ్మా, వద్దు!"

గొలుసు కుట్టుకు కొస ముడి పడితే కదలదు. పడకముందు కింది దారం పట్టి లాగారా, మొత్తం ఊడి చేతికొస్తుంది. మధ్యలో తెంచితే అందం పోతుందని గులాబీ రంగంతా ఒకే దారంతో పోనిచ్చాను. సర్రుమని తోక పోయింది, రెక్క పోయింది, వంపు తిరిగిన మెడ కూడా పోయింది. నల్లదారంతో వేసిన ముక్కు, ఒంటికాలు మిగిలాయి.

"చూడు, ఎంత సులువుగా వచ్చిందో!" అన్నారు, దారం ఉండ నా చేతిలో పెడుతూ. "అయినా పెళ్లి బ్లౌజు మీద కొంగేంది? నెమలి వేసెయ్. బుధవారానికి కావాలి. కంప్యూటర్ వర్క్ వాళ్లయితే పూటలో ఇచ్చేస్తారంట."

ఇన్నాళ్లూ పడ్డ కష్టానికి కూలి సంగతేమిటని అడిగాను.

"ఏదీ, ఎక్కడుంది?" అన్నారు, గుడ్డ ఇటూ అటూ తిప్పి చూస్తూ.