మహారాజశ్రీ బాటిల్‌నెక్ శాతం గారికి

మహారాజశ్రీ బాటిల్‌నెక్ శాతం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా కంప్యూటరూ క్షేమం. మీరు కూడా ఎప్పట్లాగే చుక్క పక్కన రెండంకెలు పెట్టుకుని, ఎర్ర రంగులో ధగధగలాడుతూ, ఎవరో ఒకరికి నిద్ర లేకుండా చేస్తూనే ఉంటారని తలుస్తాను.

నేను మీకు గుర్తుండను. మూడు నెలల పాటు రోజూ రాత్రి పదకొండు దాటాక మీ దర్శనానికి వచ్చినవాణ్ణి. బాటిల్‌నెక్ లెక్కగట్టే వెబ్‌సైట్‌లో ఒక గడిలో ప్రాసెసర్ పేరు, పక్క గడిలో గ్రాఫిక్స్ కార్డ్ పేరు పెట్టి బటన్ నొక్కితే, ఆ రెండిట్లో ఏది దేన్ని ఎంత వెనక్కి లాగుతోందో చెప్తానంటూ మీరు ప్రత్యక్షమయ్యేవారు. మొదటిసారి 17.38 అన్నారు. గుండె జారిపోయింది. కొత్త గేమింగ్ కంప్యూటర్‌కి నేను పెట్టబోయే డబ్బులో 17.38 శాతం కాలవలో పోసినట్టే అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. మీరు అలా అనలేదు లెండి, ఒప్పుకుంటాను. అసలు దేంట్లో 17.38 శాతమో కూడా మీరు ఏ రోజూ అనలేదు, నేనూ అడగలేదు, ఆ 0.38 చూశాక ఇంత కచ్చితంగా చెప్తున్నవాళ్లని ప్రశ్నలేంటి అనిపించింది.

ప్రాసెసర్ ఒక మెట్టు పెంచాను. తొమ్మిదికి దిగారు. ఇంకో మెట్టు పెంచితే ఈసారి కార్డ్ బలహీనం అన్నారు. సరే అని కార్డ్ పెంచితే మళ్లీ ప్రాసెసర్ చాలదన్నారు. రెండు పిల్లుల రొట్టె తగవు కోతి తీర్చిన కథ ఉంది కదా, అటు ఎక్కువైందని అటు కొరికి, ఇటు ఎక్కువైందని ఇటు కొరికి? అదే. కాకపోతే ఆ కోతి రొట్టె తగ్గిస్తూ పోయింది, మీరు బిల్లు పెంచుతూ పోయారు. పెరిగిన బిల్లు ఎక్కడి నుంచి తెచ్చాననుకున్నారు? ర్యామ్ రెండు స్టిక్కులు అనుకున్నది ఒకటైంది. పవర్ సప్లై పాత కంప్యూటర్‌లోంచి పీకి పెట్టుకుందాం అయింది. మానిటర్ మాటకొస్తే, "ఉన్నది బాగానే ఉందిగా" అయింది.

చివరికి ఒకానొక తెల్లవారుజామున 0.81 వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. ఇప్పటికీ ఉంది.

పార్ట్స్ వచ్చాయి, బిగించాను, మొదటి గేమ్ పెట్టాను. మూలన ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలన్నది, 150, 160 మధ్య ఆడుతోంది. ఫోటో తీసి ఫ్రెండ్‌కి పంపాను. వాడు మెచ్చుకోకుండా "నీ మానిటర్ ఎంతరా?" అన్నాడు. ఇరవై నాలుగు అంగుళాలు అన్నాను. "సైజు కాదురా, హెర్ట్జ్." అప్పుడు లేచి వెనక్కి వెళ్లి స్టిక్కర్ మీద దుమ్ము తుడిచి మోడల్ నంబర్ పట్టుకుని వెతికితే 60. అంటే నా కార్డ్ సెకనుకు 160 బొమ్మలు గీస్తుంటే ఆ మానిటర్ తన పద్ధతిలో తాను సెకనుకు అరవై సార్లే తెర మార్చి, మిగతా వంద బొమ్మల్ని నాకు చూపించకుండానే సాగనంపుతోంది. మూడు నెలల లెక్కలు, తెల్లవారుజాము 0.81, అన్నీ ఆ అరవై దగ్గరే ఆగిపోయాయి. మీ దగ్గర మానిటర్ గడి ఎందుకు లేదో ఒక్కసారి ఆలోచించండి.

సరే, అప్పు చేసి 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చాను. పది రోజులు వాడి "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. పదకొండో రోజు ఏదో వెతుకుతూ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే విండోస్ దాన్ని ఇంకా 60 మీదే నడుపుతోంది. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక స్టట్టర్. సగటు అంకె బాగానే ఉంటుంది, కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం గుటక మింగినట్టు ఆగుతుంది. ర్యామ్ ఒకే స్టిక్కు కదా, ప్రాసెసర్‌కి రెండు దారులు ఉన్నా ఒక దారిలోనే సరుకు వస్తోంది. రెండో స్టిక్కు కొని, మదర్‌బోర్డ్ పుస్తకం చూసి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టాక చాలా తగ్గింది. మొదటి రెండు స్లాట్లలో పక్కపక్కనే గుచ్చుంటే రెండూ మళ్లీ ఒకే దారిలో పడేవి. అప్పటికీ పూర్తిగా పోలేదు. ఎందుకంటే డబ్బా మీద వేగం 6000 అని ఉన్న ఆ ర్యామ్ లోపల 4800 మీద నడుస్తోంది. విండోస్ కంటే ముందే తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్, అదే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అన్న ఒక్క ఆప్షన్ ఆన్ చేయాలి, ఇంటెల్ బోర్డ్ అయితే దాని పేరు ఎక్స్‌ఎంపీ. పైసా ఖర్చు లేని పని. మీ 0.81లో ఇవేవీ లేవు, ఎందుకంటే మీరు నన్ను ర్యామ్ ఉందా అని కూడా అడగలేదు.

పవర్ సప్లై గురించి రాయాలంటే మాత్రం ఇంకా చెయ్యి వణుకుతుంది. నలభై నిమిషాలుగా ఒకే రాక్షసుడితో కొట్లాట, వాడికి ప్రాణం సన్నటి ఎర్ర గీతంత మిగిలింది, తెర నిండా పేలుళ్లు, అప్పుడు క్యాబినెట్‌లోంచి "టక్" అని చిన్న చప్పుడు. అంతే. ఫ్యాన్లు ఆగి, లైట్లు పోయి, గదిలో ఎప్పుడూ వినపడని గోడ గడియారం వినపడింది. ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఆన్ అయింది. మళ్లీ రాక్షసుడు, మళ్లీ టక్. వైరస్ అనుకుని విండోస్ రెండుసార్లు ఎక్కించాను, డ్రైవర్లు మార్చాను. అసలు సంగతేంటంటే కార్డ్ మీద 250 వాట్లు అని రాసి ఉన్నా, బరువైన సీన్లలో కొన్ని మిల్లీసెకన్ల పాటు అది అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది, పాత పవర్ సప్లై ఆ గుంజుడికి తట్టుకోలేక తన ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆపేసుకుంటోంది. దాని మీద 80 ప్లస్ ముద్ర కూడా ఉంది. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందన్నదే, ఇలాంటి గుంజుళ్లకు నిలబడుతుందా లేదా అన్నది కాదని ఆ రాక్షసుడి దయవల్ల తెలుసుకున్నాను.

ఇంతకీ మీ పుట్టుకే నాకు అనుమానం. ఒక ఫ్రేమ్, అంటే ఒక్క బొమ్మ, తయారవ్వాలంటే ముందు ప్రాసెసర్ ఎవరు ఎక్కడున్నారో, ఏది దేన్ని గుద్దిందో లెక్కలు కట్టి కార్డ్‌కి పని అప్పజెప్పాలి, తర్వాత కార్డ్ గీయాలి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 144 కావాలంటే 6.9. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే వాళ్లే ఆ ఫ్రేమ్‌కి బాటిల్‌నెక్. ఆ ఫ్రేమ్‌కి! వందల మంది సైనికులు తిరిగే స్ట్రాటజీ గేమ్ చివర్లో ప్రాసెసర్ మోకాళ్ల మీద పడుతుంది, కార్డ్ ఆవలిస్తుంటుంది. ఇంకో గేమ్‌లో చెరువు గట్టు మీద నిలబడి నీళ్లలో నీడలు చూస్తుంటే కార్డ్ చెమటలు కక్కుతుంది, ప్రాసెసర్ ఖాళీ. ఒకే గేమ్‌లో ఇంట్లోంచి సంతలోకి అడుగుపెట్టినా కథ తిరగబడొచ్చు. మరి మీరు వీటన్నిటికీ కలిపి ఒక్క అంకె ఎలా ఇచ్చారండీ, పాదం కొలవకుండా ఊరందరికీ ఒకే సైజు చెప్పులు కుట్టినట్టు?

పోనీ తెర సంగతి చూడండి. 1080పీ అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 4కె అంటే 82.9 లక్షలు, సరిగ్గా నాలుగింతలు. కార్డ్ పని దాంతోపాటు బాగా పెరుగుతుంది, ప్రాసెసర్ పని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. పైగా చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్ అన్న ఆప్షన్‌లో క్వాలిటీ మోడ్ ఆన్ చేస్తే తెర 4కె అయినా కార్డ్ నిజంగా గీసేది 2560×1440, మిగతాది పెంచి చూపిస్తుంది. అంటే నేను ఒక మెనూలో ఒక గీత అటు జరిపితే మీరు మారిపోవాలి. మీరు మాత్రం రాతి మీద చెక్కినట్టు 17.38.

పేర్లు చూసి జాతకం చెప్పేవాళ్లకు పార్టుల లోగుట్టు ఏం తెలుస్తుంది? 2022లో వచ్చిన రైజన్ 7 5800ఎక్స్3డి అన్న ప్రాసెసర్, దాని అన్న 5800ఎక్స్ కంటే క్లాక్ వేగంలో తక్కువే. కానీ 32కి బదులు 96 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ చేతికందేంత దగ్గర్లో ఉండే వేగమైన మెమరీ, ఉండటంతో చాలా గేముల్లో అన్నని దాటేసింది. అదే ఏడాది వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డ్‌కి మదర్‌బోర్డ్‌తో సరుకు ఇచ్చిపుచ్చుకునే దారులు, అదే పీసీఐఈ లేన్లు, నాలుగే. పీసీఐఈ 3.0 బోర్డ్‌లో పెడితే ఆ దారి సగానికి తగ్గి, ఉన్న 4 జీబీ మెమరీ నిండగానే పడకేస్తుంది. మదర్‌బోర్డ్ ఏదో తెలియకుండా ఈ ముక్క మీరు ఎలా చెప్తారు?

ఇంకో మాట. సున్నా శాతం అంటే ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదని కదా నేను పూజించింది? ఎవరూ ఆగకపోతే ఫ్రేములు అనంతంగా రావాలి మరి. ఒక ముక్కని ఎంత వేగం చేసినా మిగతా ముక్కలు పట్టుకుని లాగుతాయని కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే లెక్క కట్టి చూపించాడు. ఎవరో ఒకరు ఆఖరున రావాల్సిందే, ఆ ఆఖరివాడు గ్రాఫిక్స్ కార్డ్ అయితే గేమింగ్ కంప్యూటర్‌కి అదే మేలు. కార్డ్ 99 శాతం వాడకం చూపిస్తే నేను మొదట్లో కంగారుపడి గేమ్ ఆపేసేవాణ్ణి, దానికి విశ్రాంతి ఇద్దామని. ఎద్దుని కొని అరక కట్టకుండా మేపినట్టు.

ప్రాసెసర్‌ని చూసీ మోసపోయాను. మొత్తం వాడకం 35 శాతమే ఉందంటే తీరిగ్గా ఉందనుకున్నా, ప్రాసెసర్ పనిచేసే పదహారు థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా నిండిపోయి గేమ్ మొత్తం దాని వెనకే క్యూ కట్టి ఉండొచ్చని తట్టలేదు. ఇప్పుడు అనుమానం వస్తే రిజల్యూషన్ తగ్గించి చూస్తాను. ఎఫ్‌పీఎస్ ఎగిరితే కార్డ్ ఆలస్యం, ఉన్నచోటే ఉంటే ప్రాసెసర్ ఆలస్యం. రెండు నిమిషాల పని, మీ దర్శనం అక్కర్లేదు.

మొన్న పక్కింటి అబ్బాయి బిల్డ్ సలహా అడిగితే మీ అడ్రస్ ఇవ్వలేదు, ఏమనుకోకండి. ముందు ఏ మానిటర్, ఏ గేములు అని అడిగాను. ఆ తెరకు సరిపడా కార్డ్, నువ్వు కోరుకునే ఎఫ్‌పీఎస్‌కి పని అందించగల ప్రాసెసర్, రెండు ర్యామ్ స్టిక్కులు, కాస్త ఊపిరి పీల్చుకునే పవర్ సప్లై అన్నాను. వాడు అంతా విని, "అంకుల్, బాటిల్‌నెక్ ఎంతొస్తుంది?" అన్నాడు. మీ కీర్తి అలాంటిది.

ఊరుకోలేక నిన్న ఇప్పుడున్న నా ప్రాసెసర్, కార్డ్ పేర్లు మళ్లీ మీ గడుల్లో పెట్టాను. ఒక్క పార్టూ మారలేదు, అవే పేర్లు. 6.12 అన్నారు. మరి ఆ 0.81 ఏమైందండీ?

ఇట్లు,
తమ పాత భక్తుడు

తా.క.: క్యాబినెట్ పక్క తలుపు ఇప్పటికీ పూర్తిగా మూసుకోవట్లేదు. కార్డ్ పొడవు కొలిచాను, వెడల్పు మర్చిపోయాను, పవర్ కేబుల్ వచ్చి అద్దానికి తగులుతోంది, కేబుల్‌ని కనెక్టర్ దగ్గరే గట్టిగా వంచితే దానికి ప్రమాదం అంటున్నారు. నాలుగు స్క్రూల్లో రెండే పట్టాయి. ఇది ఎంత శాతమో వీలు చూసుకుని తెలియజేయగలరు.