ఆ విందు కథ ఇక చాలు, తోట సంగతి చెప్పండి

పారిస్‌కి దాదాపు 55 కిలోమీటర్ల దూరంలో వో-ల-వికోంత్ అనే కోట ఉంది. దాని గురించి ఎవరు మొదలుపెట్టినా ఒకటే కథ. ఖజానా మంత్రి నికొలా ఫూకే 1661 ఆగస్టు 17న ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అక్కడ విందు ఇచ్చాడట, ఆ వైభవం చూసి రాజుకి కన్నుకుట్టిందట, మూడు వారాలు తిరక్కుండానే మంత్రిని పట్టించాడట. నేను వెళ్లిన రోజు గైడ్ గంటసేపు ఇదే చెప్పి, తోటకి ఇరవై నిమిషాలు ఇచ్చాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ముందు ఆ కథే సగం తప్పు. ఫూకేని దించేయాలని రాజు విందుకి చాలా ముందే అనుకున్నాడు. కొలువులో ఫూకేకి ప్రత్యర్థి అయిన కోల్బేర్ అతని మీద ఎప్పటినుంచో నూరిపోస్తున్నాడు. మూడేళ్ల విచారణ తర్వాత న్యాయమూర్తులు దేశబహిష్కారం వేస్తే, రాజు దాన్ని యావజ్జీవ ఖైదుగా పెంచాడు. ఫూకే 1680లో జైల్లోనే పోయాడు. అతను మచ్చలేనివాడని నేననను, ఈ తోట కోసం మూడు ఊళ్లు లేపేయించిన మనిషి.

అసలు చెప్పుకోవాల్సింది పనిచేసిన ముగ్గురి గురించి. కోట కట్టింది లూయీ ల వో, లోపల బొమ్మలు వేసింది షార్ల్ ల బ్రన్, తోట వేసింది ఆంద్రె ల నోత్ర్.

మెట్ల మీద నిలబడితే తోటంతా అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది. కొలను, దాని వెనకే రాతి గుహలు, ఆపైన గట్టు మీద బంగారు పూత పూసిన హెర్క్యులస్ విగ్రహం. అన్నీ ఇక్కడే కదా అనిపిస్తుంది. నడుస్తుంటే మాత్రం దూరం తరగదు. ల నోత్ర్ దూరపు కొలనుని కావాలనే పెద్దగా తవ్వించాడు, అందుకే మెట్ల మీంచి అది దగ్గరగా కనిపిస్తుంది. తీరా అక్కడికి చేరేసరికి నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఎదురుగా, దాదాపు కిలోమీటరు పొడవున అడ్డంగా కాలువ! అప్పటిదాకా దాని జాడే లేదు. గుహలేమో అవతలి ఒడ్డున. చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. నేను అక్కడే ఆగిపోయాను, టైమ్ అయిపోయింది. ఈ అనుభవం ఫోటోలో ఎలా వస్తుంది చెప్పండి?

ఫూకేని లోపల వేశాక రాజు ఇక్కడి నారింజ చెట్లని తీసుకెళ్లాడు, ఈ ముగ్గురినీ తన వర్సాయ్ రాజభవనం పనిలో పెట్టాడు. మనవాళ్లు యూరప్ ప్యాకేజీలో వర్సాయ్ చూసి రాజుని పొగుడుతుంటే నాకు బాధేస్తుంది. ఆ చేతులు ముందు కలిసింది ఈ వో-ల-వికోంత్‌లో. పాడుబడ్డ ఈ కోటని 1875లో కొని మళ్లీ నిలబెట్టిన పంచదార వ్యాపారి అల్‌ఫ్రెడ్ సోమియేకి దణ్ణం పెట్టాలి.

మీరు వెళ్తే విందు కథ రైల్లో చదువుకోండి. కాలువ దాటి, గట్టెక్కి, హెర్క్యులస్ కాళ్ల దగ్గర నుంచి కోట వైపు ఒకసారి తిరిగి చూసి రండి.