పునాదిలో లిథియం, చెత్తబుట్టలో రాగి

ఫలానా చోట ఇన్ని లక్షల టన్నుల లిథియం "దొరికింది" అని వార్త రావడం ఆలస్యం, మన కరువు తీరిపోయినట్టే. యాంకరుగారు టన్నులను మార్కెట్ ధరతో గుణించేస్తారు. తీసివేతలూ భాగహారాలూ ఆ స్టూడియోలో నిషిద్ధం కాబోలు.

అదే లెక్కతో ఇదిగో ఇంకో నిక్షేపం. భూమి పైపొరలో లిథియం సగటున టన్నుకు 20 గ్రాములు. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు లోతున పునాది తవ్వితే దాదాపు 400 టన్నుల మట్టి. అందులో 8 కిలోల లిథియం, ఓ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి సరిపడా! ఇక పునాది తీసిన ప్రతివాడూ గని యజమానే. బ్యాంకులు ఇంటిమీద కాదు, గుంతమీద అప్పివ్వాలి. పక్కింటాయన గోడ అరమీటరు ఇటు జరిపితే ఖనిజ చౌర్యం కేసు. అపార్టుమెంటు సెల్లారైతే నేరుగా షేర్ మార్కెట్‌లో లిస్టింగే.

నవ్వొచ్చిందా? వార్తలోని టన్నులు లోహానివా, ముడి ఖనిజానివా అని అడగనివాళ్లకి నవ్వే హక్కు లేదు. తొలి అంచనా అంటే దూరదూరంగా వేసిన నాలుగు బోర్ల మధ్య ఖాళీని ఊహతో పూడ్చడం. అది తవ్వదగ్గ నిల్వ అనిపించుకోవాలంటే బోర్లు దగ్గరదగ్గరగా వేయాలి. బోరులోంచి తీసిన రాతి కడ్డీని, అంటే కోర్‌ను, నిలువునా చీల్చి సగం ల్యాబుకి పంపాలి, సగం పెట్టెలో దాచాలి. మధ్యమధ్య లోహమే లేని రాయినీ, శాతం ముందే తెలిసిన పొడినీ కలిపి పంపి ల్యాబుకీ పరీక్ష పెట్టాలి. బంగారం ఉందని ఊదరగొట్టిన ఇండోనేషియాలోని బుసాంగ్‌లో సగం దాచకుండా కోర్ మొత్తం పిండి చేశారు. శాంపిళ్లలో బయటి బంగారం కలిపారని 1997లో బయటపడింది.

ఇంతాచేసి లిథియం ఏ ఖనిజంలో ఉందో చూడాలిగా! స్పాడ్యుమిన్ అనే రాతి ఖనిజమైతే సుమారు 1,050 డిగ్రీల్లో కాల్చాలి, 250 డిగ్రీల దగ్గర గంధకామ్లంతో మళ్లీ వేయించాలి, నీళ్లతో కడిగి తీయాలి. ఉప్పునీటి మడుగైతే ఎండబెట్టడానికే ఏడాది, ఏడాదిన్నర.

వెటకారం చాలు. అరశాతం రాగి ఉన్న ఖనిజంలోంచి టన్ను రాగి తీయాలంటే కనీసం 200 టన్నుల రాయి పిండి కావాలి. మిగిలేది తడి బురద. అలాంటి బురదను ఆపే కట్ట ఒకటి 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో ఇనుప గని దగ్గర తెగి 270 మందిని మింగింది. ఆ ఖరీదుకు బయటపడిన లోహాన్ని చేతులారా పారేస్తున్నాం! 2022లో ప్రపంచం పోగేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతం. ఫోన్‌లో బ్యాటరీని స్క్రూతో బిగించాల్సిన చోట జిగురుతో అతికించినవాడికి సిగ్గుండాలి. పెకలించబోతే బ్యాటరీ వంగుతుంది, వంగితే లోపల షార్టై అంటుకుంటుంది. మళ్లీ ఆ ఫోన్ డబ్బామీద పచ్చటి ఆకు బొమ్మొకటి!