మహారాజశ్రీ బీరువా గారి సముఖానికి

మహారాజశ్రీ భీమిలి వాస్తవ్యులు, చరిత్ర సంఘం గదిలో వాస్తు చూసి మరీ నైరుతి మూల వేంచేసి ఉన్న స్టీలు బీరువా గారికి, అదే సంఘంలో వాలంటీరు ఒకరు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఈ సంఘంలో అందరికంటే సీనియర్ మీరే. అధ్యక్షులు మారారు, కార్యదర్శులు మారారు, కోశంలో ఏమీ లేదని తెలిశాక కోశాధికారి గారు తనంతట తనే మారిపోయారు. మీరు మాత్రం కదల్లేదు. ఆ మధ్య నలుగురం కలిసి కదిలిద్దామని చూశాం. మీ కాలి కింద పెట్టిన అట్టముక్క జారి తలుపు కిర్రుమనేసరికి, "ఒద్దొద్దు, లోపల చరిత్ర ఉంది" అని ఒక పెద్దాయన అరిచారు. దాంతో మీ జోలికి రావడం అందరూ మానేశారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి చెట్లని కూకటివేళ్ళతో పీకేసి, మా గది పైరేకులు ఎత్తుకుపోయినప్పుడు కూడా మీరు నిటారుగా నిలబడే ఉన్నారు. ఆ వారం మీటింగులో మీకు పూలదండ వేద్దామని ప్రతిపాదన వచ్చింది, ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. లోపల తడిసిందేమో చూద్దామని మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇంతకీ మీలో ఏముందండీ? ఒక్కో సభ్యుడు ఒక్కోటి చెబుతాడు. డచ్ వాళ్ళ కాలం నాటి మ్యాపు ఉందని ఒకరు. ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకు కట్టలని ఇంకొకరు. 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఉందనీ, అది ప్రపంచంలో మా దగ్గర తప్ప ఎక్కడా లేదనీ మరొకరు. అది ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుందని చెప్పాను. ఆయన ఆ సాయంత్రమంతా నా మొహం చూడలేదు.

పోనీ లిస్టు చూద్దామంటే, లిస్టు రాసిన రిజిస్టరు మీ పొట్టలోనే ఉంది. మీకు తాళం చెవులు మూడు. ఒకటి కార్యదర్శి గారి దగ్గర ఉంది, ఆయన ఊళ్ళో ఉండరు. రెండోది మాజీ కార్యదర్శి గారి దగ్గర ఉండాలి. ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే చెవి ఉందని చెప్పరు, లేదనీ చెప్పరు, "వచ్చినప్పుడు చూద్దాం" అంటారు. మూడోది పోకుండా భద్రంగా ఉంటుందని ఎవరో మహానుభావుడు మీ లాకర్లోనే పెట్టి మీకు తాళం వేశాడు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ మొన్న చిట్టివలస నుంచి ఒకావిడ వచ్చింది. మీరు వినే ఉంటారు, మీకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంది. వాళ్ళ నాన్న జూట్ మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడింది, ఆయనా పోయాడు. మిల్లు గేటు ముందు కార్మికులంతా వరసలుగా నిలబడి దిగిన గ్రూపు ఫొటో, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇంట్లో ఉంటే, "చరిత్రకి పనికొస్తాయి, ఇవ్వమ్మా" అని మనవాళ్ళే ఇంటికెళ్ళి అడిగి తెచ్చారు. రసీదు ఇవ్వలేదు. శాలువా కప్పారు.

"మా అమ్మకి ఒంట్లో బాగోట్లేదండి. నాన్న మొకం ఓపాలి సూత్తానంటంది. ఇంట్లో ఇంకో పొటో లేదండి బాబూ, ఉన్నదే మీకిచ్చేసినాం," అంది.

కార్యదర్శి గారు ఊళ్ళో లేరని చెప్పాను. వారం తరవాత మళ్ళీ వచ్చింది. అప్పుడూ లేరు. ఆవిడ లేచి వెళ్తూ గోడకేసి చూసి ఆగిపోయింది. గోడ మీద పెద్ద ఫ్రేములో ఒక ఫొటో ఉంది. అందులో ఈవిడ తన ఫొటోని కార్యదర్శి గారికి అందిస్తోంది. వెనక ఫ్లెక్సీ, పక్కన ముగ్గురు ముఖ్య అతిథులు, అందరూ కెమెరాకేసి చూస్తున్నారు. ఫొటో ఇస్తున్న ఫొటోకి గోడ, ఇచ్చిన ఫొటోకి బీరువా. నేను దాన్నే నా ఫోన్‌లో తీసి, ఆవిడ చేతిలోని గ్రూపు ఫొటో మీద జూమ్ చేశాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కొంచెం కనిపించారు. వాళ్ళ నాన్న వెనక వరస. ఆ వరస మీద కార్యదర్శి గారి బొటనవేలు ఉంది.

"ఏలు తీయలేరేటండి?" అని అడిగిందావిడ. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది.

బీరువా గారూ, మనం ఉంటున్న ఊరు ఎలాంటిదో మీకు తెలియదు, ఆ మూల నుంచి కనిపించదు కాబట్టి చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశారు. అందులో పేలకుండా మిగిలిన బాంబుని విశాఖ మ్యూజియంలో జనం చూడ్డానికి పెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఆర్కే బీచ్‌కి వెళ్తే ఇంకో వింత ఉంది. కురుసుర అనే జలాంతర్గామి 2001 దాకా నేవీలో పనిచేసి రిటైరైతే, దాన్ని సముద్రంలోంచి ఇసక మీదికి లాగి, 2002లో మ్యూజియం చేశారు. ఎవరికీ కనపడకుండా ఉండటమే దాని ఉద్యోగం. అలాంటిదాన్ని పట్టుకొచ్చి టికెట్టు పెట్టి, లోపలికి రండి, చూడండి అన్న ఊరు ఇది. ఇదే ఊళ్ళో ఒక ఇనప బీరువా తలుపు తెరవడానికి మాకు కోరం చాలడం లేదు.

మీ వాదన మీకుంది, నాకు తెలుసు. "బయట పెట్టినవాటి గతి చూడలేదా? తొట్లకొండ మీద మహాస్తూపం 2019 వానలకి కూలిపోలేదా?" అంటారు. కూలింది. నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ క్షేత్రం అది, ఏళ్ళ తరబడి తవ్వి వెలికితీసినది. అలాంటి చోట స్తూపం కూలిపోతే బాధే. కానీ అది కూలిందని పేపర్లో వచ్చింది, ఊరంతా తెలిసింది, ఎందుకు కూలిందని జనం నిలదీశారు. మీ లోపల కూలేదాన్ని ఎవరు అడుగుతారు? సముద్రం పక్కన ఉన్నాం. ఈ ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా లేస్తాయి. మూసేసిన ఇనప డబ్బాలో చెమ్మ పడితే ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే పై ఫొటోలో మొహాలు కింది ఫొటో వెనక్కి అంటుకుని వస్తాయి. గుండుసూది తుప్పుపట్టి కాగితానికి కన్నం పెడుతుంది. రబ్బరు బ్యాండు కరిగి అక్షరాలకి అతుక్కుంటుంది. మీలో ఈపాటికి ఇవన్నీ జరిగే ఉంటాయి. వీటన్నిటికీ మా సంఘం దగ్గర ఉన్న మందు ఒకటే, కలరా ఉండలు. ఏడాదికోసారి మీ తలుపు సందులోంచి నాలుగు దొర్లిస్తారు. వాటి వాసనకి పురుగుల సంగతేమో గానీ, సభ్యులు మాత్రం దూరంగా ఉంటున్నారు.

మీరు వెలుతురు చూడకపోయినా మా కార్యక్రమాలకి లోటు లేదు. ఏప్రిల్ 18 వారసత్వ దినం వస్తే హెరిటేజ్ వాక్ పెడతాం. క్లాక్ టవర్ దగ్గర మొదలుపెట్టి, లైట్‌హౌస్ చూపించి, డచ్ సమాధుల దగ్గర ఆపుతాం. ఫ్లెక్సీ మీద ఉన్న ముఖాల్లో సగం కూడా ఆ ఎండలో కనిపించవు. ఈ ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయిందనీ, డచ్ వాళ్ళు 1825లో దీన్ని ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించారనీ మైకులో చెబుతాం, చప్పట్లు కొడతారు, ఇడ్లీ తింటారు. ఎన్ఎస్ఎస్ పిల్లలొచ్చి సమాధుల చుట్టూ తుప్పలు కొడతారు. పాపం వాళ్ళకి ఉత్సాహం ఎక్కువ. ఒకసారి ఇనప బ్రష్షుతో రాతి మీద అక్షరాలు గీకబోయారు, ఇంకోసారి "సున్నం కొట్టేద్దామా సార్, నీటుగా ఉంటుంది" అన్నారు. ఆపేసరికి ప్రాణం పోయింది. చెక్కిన అక్షరం ఒకసారి అరిగితే మళ్ళీ రాదని, మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు చాలని చెప్పాను. పొద్దు వాలేటప్పుడు వెలుతురు ఏటవాలుగా పడితే, మధ్యాహ్నం అస్సలు కనిపించని అక్షరాలు వాటంతటవే తేలతాయని చూపించాను. సాయంత్రం దాకా ఉన్నవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళకి సర్టిఫికెట్ మధ్యాహ్నమే అందేసింది.

ఆ ఉండిపోయినవాళ్ళలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉంది. ఈ సంఘంలో అసలు పని చేస్తున్నది తనే అని నా లెక్క. ఆదివారాలు చిట్టివలస వెళ్ళి, జూట్ మిల్లులో పనిచేసిన ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకొస్తుంది. షిఫ్టులు ఎలా ఉండేవి, ఏ మెషీను దగ్గర ఎవరి వేలు పోయింది, సమ్మె రోజుల్లో ఇల్లెలా గడిచింది, అన్నీ. 1869లో కార్మికేల్ దొర రాసిన మాన్యువల్లో శిస్తు లెక్కలు, జమీందార్ల వంశావళి దొరుకుతాయి గానీ, గోనె సంచీ నేసినవాడి మాట ఆ రెండు దొరల పుస్తకాల్లోనూ దొరకదు. అది చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ పనికి ఫ్లెక్సీ లేదు, శాలువా లేదు, ఆటో ఛార్జీ కూడా లేదు.

ఆ అమ్మాయి రికార్డింగుల సంగతి కమిటీలో చెబితే పెద్దలంతా ఎంతో సంతోషించారు. "పెన్ డ్రైవ్‌లో వేసి ఇయ్యమ్మా, బీరువాలో పెడదాం" అన్నారు.

మీ తాళం వెనక ఒక భయం ఉందని ఒప్పుకుంటాను, అది ఉత్త భయం కూడా కాదు. ఎప్పుడో పరిశోధన చేస్తానని ఎవరో అబ్బాయి వచ్చి ఒక ఉత్తరాల కట్ట పట్టుకెళ్ళాడట. డాక్టరేటు వచ్చింది, కట్ట రాలేదు. దెబ్బ తిన్నవాళ్ళు తాళం వెయ్యకేం చేస్తారు? కానీ ఆ రోజు ఆ కట్టకి నంబరు వేసి, ప్రతి ఉత్తరం ఫోన్‌లో తీసి పెట్టుకుని, తీసుకెళ్ళినవాడి సంతకం ఒక పుస్తకంలో ఉంటే, పోయేది కాగితమే. అందులో ఉన్న మాట మన దగ్గరే ఉండేది. ఆ పుస్తకం కూడా మీ బయట ఉండాలి సుమండీ.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారని ఒక జమీందారు, 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ కట్టించారు. అది ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారి చేతికి వచ్చింది. ఏవీఎన్ కాలేజీ పేరులో ఉన్నది ఈయనే. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే ఈయన విశాఖ నుంచి చూసి, వేళలు లెక్కకట్టి, లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపారు. వాళ్ళు అచ్చు వేశారు. ఇవాళ అది ఒకప్పుడు ఉన్న డాబా గార్డెన్స్‌లో నిలబడి చూస్తే బట్టల షాపులూ, ట్రాఫిక్కూ తప్ప ఆ అబ్జర్వేటరీ ఏదీ కనపడదు. కానీ ఆ రోజు విశాఖ నుంచి ఒకాయన ఏం చూశాడో ఇప్పటికీ ఎవరైనా చదువుకోవచ్చు. ఆ కాగితాలు ఆయన భద్రంగా ఇంట్లో పెట్టి తాళం వేసుకుని ఉంటే, మన సంఘం వెళ్ళి అడిగి తెచ్చి, శాలువా కప్పి, మీకు అప్పజెప్పేది.

కాబట్టి విషయమేమిటంటే, వచ్చే ఆదివారం పొద్దున్న మార్కెట్ దగ్గర కూర్చునే తాళాలతను వస్తున్నాడు. కమిటీలో తీర్మానం అయింది. ముగ్గురు వ్యతిరేకించారు, ఒకరు నిద్రపోయారు, మిగతా అందరూ సరే అన్నారు. నేల మీద ఉతికిన పాత నూలు దుప్పట్లు పరుస్తాం. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకున్నాకే ముట్టుకోవాలి. టీ, సమోసా వరండాలోనే, లోపలికి తేకూడదు. అతుక్కున్న ఫొటోలని ఎవరూ గోళ్ళతో లాగకూడదు, అవి అలాగే పక్కన పెట్టి, తెలిసినవాళ్ళకి చూపిస్తాం. బాల్‌పెన్ను నిషేధం. నంబర్లు పెన్సిల్‌తో, వెనక, నెమ్మదిగా రాయాలి. సెల్లోటేపు తెచ్చినవాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తాం. చిట్టివలస ఆవిడ వాళ్ళ అమ్మని ఆటోలో తీసుకొస్తానంది. వాళ్ళ ఫొటో ముందు తీసి, పెద్ద ప్రింటు వేయించి ఇచ్చాకే మిగతా పని. మిల్లు పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వస్తారు, ఏ వరసలో ఎవరున్నారో వాళ్ళు చెబుతుంటే ఆ డిగ్రీ అమ్మాయి రాసుకుంటుంది.

ఫ్లెక్సీ వేయించడం లేదు.

ఈ సంగతి తెలిసి కార్యదర్శి గారు నిన్న ఫోన్ చేశారు. తొందరపడొద్దు, తను శనివారం రాత్రికి ఊళ్ళో ఉంటాననీ, తాళం చెవి తనే తెస్తాననీ అన్నారు. సంతోషం. తాళాలతనికి మాత్రం అడ్వాన్స్ ఇచ్చేశాం.

ఇట్లు,
మీ ఎదురు కుర్చీ వాలంటీరు

తా.క.: ఆ అమ్మాయి రికార్డింగులు మూడు చోట్ల మూడు కాపీలు చేయించాం. మీకు ఒక్కటీ రాదు.