ఆఖరి జీతం వోచర్ గారికి ఒక బహిరంగ లేఖ

వోచర్ గారూ, నమస్కారం.

1945లో అమెరికా ఆర్మీలో 80 లక్షల పైచిలుకు మంది ఉంటే, మరుసటి ఏడాది జూన్ చివరికి 20 లక్షల మంది కూడా మిగల్లేదు. ఇంటికి పోయేవాళ్లకి లెక్క తేల్చింది మీరే. రావాల్సిన జీతం ఎంత, సముద్రం దాటి వెళ్లొచ్చాడు కాబట్టి విడుదల భత్యం 300 డాలర్లా, దాటకపోతే 200లా, చేరి 60 రోజులు కూడా కాలేదు కాబట్టి 100తో సరా, ఊరు ఎన్ని మైళ్లు, మైలుకి 5 సెంట్ల చొప్పున దారి ఖర్చు ఎంత. సంతకం పెట్టి డబ్బు జేబులో వేసుకున్నాక మీ మొహం మళ్లీ చూసినవాడు ఉండడు. మనవళ్లకి యుద్ధం కబుర్లు చెప్పే తాత వోచర్ సంగతి ఎందుకు ఎత్తుతాడు చెప్పండి?

మర్యాదంతా సర్వీస్ ఫైలుకే దక్కింది. ఏ యూనిట్, ఎక్కడ గాయం, ఏ మెడల్, అన్నీ అందులోనే. దాని కోసం సెయింట్ లూయిస్ శివార్లలో 1956లో పెద్ద భవనమే కట్టారు. డిజైన్ చేసింది మినోరు యమసాకి, తర్వాత న్యూయార్క్ జంట టవర్లకి కూడా ఆయనే. అంత భవనంలో మంటలార్పే నీటి స్ప్రింక్లర్లు మాత్రం పెట్టలేదు. పైపు లీకైతే కాగితాలు తడుస్తాయేమోనన్న టెన్షన్ అప్పట్లో రికార్డులవాళ్లకి గట్టిగానే ఉండేది.

1973 జులై 12 అర్ధరాత్రి దాటాక ఆరో అంతస్తు అంటుకుంది. కారణం ఈనాటికీ కచ్చితంగా తేలలేదు. ఆర్పడానికి లక్షల గ్యాలన్ల నీళ్లు కొట్టారు, అంటే కాగితాలు ఎలాగూ తడిశాయి, పైగా కాలి తడిశాయి. జులై ఎండకి బూజు పడుతుంటే మందు చల్లి, మిగిలినవాటిని ప్లాస్టిక్ పాల క్రేట్లకెత్తి, ఓ విమానాల కంపెనీ వాక్యూమ్ ఛాంబర్‌లో ఆరబెట్టారు.

పోయినవి కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్లు. 1912 నవంబర్ నుంచి 1959 చివరిదాకా ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ల ఫైళ్లలో 80 శాతం. ఎయిర్‌ఫోర్స్‌వాళ్ల జాతకం ఇంకా చిత్రం, ఇంటిపేరు అక్షరక్రమంలో హబ్బర్డ్ తర్వాత వచ్చినవాళ్లవే కాలాయి. మన అడుసుమిల్లివారు ఉండుంటే బతికిపోయేవారు, యార్లగడ్డవారికి మాత్రం మసే. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, లోపల ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చారండీ మీరు!

మీరు ఆ భవనంలో లేరు. మీ మకాం ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసువారి దగ్గర, ఎందుకంటే ఆడిటర్‌కి డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలి, మనిషి ఎక్కడ పోరాడాడన్నది ఆయన సబ్జెక్టు కాదు. కోటీ 90 లక్షల పైచిలుకు మంది మీ వోచర్లే కదిలొచ్చి సాక్ష్యం చెప్పారు. పేరు, సర్వీస్ నంబర్, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, మర్యాదగా పంపారా లేదా. ఇక్కడ నాకు మీ మీద కొంచెం కోపం. గాయం సంగతి అడిగితే మీరు నోరు మెదపరు, మెడల్ అంటే తల గోక్కుంటారు. అందుకే పెన్షన్ కోసం తిరిగే ముసలాయనకి రికార్డులవాళ్లు 13055 నంబర్ ఫారం ఇచ్చి, ఏ ఏడాది ఏ కంపెనీలో ఉన్నారు, ఏ ఆస్పత్రిలో చేరారు, గుర్తు చేసుకుని రాయండి అంటారు. ఆర్మీ మర్చిపోయింది, ఆయన మాత్రం మర్చిపోకూడదు. 30 ఏళ్ల కిందటి ఆస్పత్రి! నిన్న కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు.

అన్నట్టు, కాలిన ఆరో అంతస్తుని తీసేసి మిగతా ఐదింటితో దశాబ్దాలు నెట్టుకొచ్చారు. ఆ అంతస్తుని ఏ పద్దు కింద కొట్టేశారో మీలాంటి వోచర్ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, కనిపిస్తే అడిగానని చెప్పండి.

ఇట్లు,
పాత కరెంటు బిల్లులు కూడా పారేయని ఒకడు